కడిగిన ఫ్లాస్కు

“ఇవాళ ఒక్కరోజు గడవనీ,” అన్నాడు భర్త, చెయ్యి కడుక్కుంటూ. “నేను హెడ్మాస్టర్నైతే నా పోస్టు ఖాళీ అవుతుంది. అది నీకు నేనే రాయిస్తా.”

ఆమె పళ్ళెం తీసింది. ఇద్దరిదీ ఒకే బడి. అతను కెమిస్ట్రీ టీచరు, ఆమె ల్యాబ్ అసిస్టెంటు. పిల్లలు పెట్టిన పేరు సీసాల మేడం. డిగ్రీలో అతనికంటే ఆమెకే ఎక్కువ మార్కులొచ్చిన సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. టీచరు పోస్టుకు వయసు పరిమితి ఆమెకు ఈ ఏడాదితో సరి.

“ఇద్దరూ పాఠాలు చెబుతుంటే వినేవాళ్ళెవరమ్మా?” అంది అత్తగారు. అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే మాట పెరుగుతుంది, మాట పెరిగితే బస్సు పోతుంది.

పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వచ్చి అతని పాఠం వింటాడు. అది నచ్చితే హెడ్డు కుర్చీ. పాఠం ఉత్ప్రేరకాలు, అంటే చర్య వేగం పెంచేవి. ఎప్పటిలాగే ఆమే రాసిచ్చింది. మూడు ఫ్లాస్కుల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి ఉంచింది. మొదటిదాంట్లో వెయ్యడానికి మాంగనీస్ డయాక్సైడ్ నల్లపొడి. పెరాక్సైడ్ దాని మీద వాలి నీళ్ళూ ఆక్సిజనూగా విడిపోతుంది. రెండోదానికి పచ్చి బంగాళాదుంప ముక్క. అందులోని ఎంజైము ఆకారంలో పెరాక్సైడ్ సరిగ్గా ఇమిడి విడిపోతుంది, అదే ముక్కను ఉడకబెడితే ఆ ఆకారం చెడి పనిచెయ్యదు. మూడోదానికి నీళ్ళలో కరిగే పొటాషియం అయొడైడ్. ఇక్కడే ఆమె నాలుగు వాక్యాలు ఎక్కువ రాసింది. ఉత్ప్రేరకం చర్యలో పాల్గొంటుంది, మధ్యలో మారుతుంది, చివరికి మళ్ళీ మొదటిలా బయటికొస్తుంది, చివర మాత్రమే చూసేవాళ్ళకు అది ఏమీ చెయ్యనట్టే ఉంటుంది అని. అతను ఆ నాలుగూ కొట్టేశాడు. “పిల్లలకింత మెలిక ఎందుకు? పాల్గొనదు అని రాస్తే ఒక మార్కు వస్తుంది.”

పదకొండింటికి నల్లపొడి బుసబుసా పొంగింది. దుంపముక్క చుట్టూ నురగ కట్టింది. అయొడైడ్ వెయ్యగానే మూడో ఫ్లాస్కు పసుపుపచ్చగా మారింది.

“ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనదు,” అన్నాడు అతను. “పక్కనుండి వేగం పెంచుతుందంతే.”

“మరి ఈ రంగెక్కడిదండీ?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అతను ఫ్లాస్కు వైపు చూశాడు. తర్వాత వెనక బల్ల దగ్గరున్న ఆమె వైపు చూశాడు.

“ల్యాబ్ మేడం, ఫ్లాస్కు కడిగినట్టు లేరే?”

పిల్లలు నవ్వారు. పంతొమ్మిదేళ్ళలో ఈ మాట ఆమెకు కొత్త కాదు. అతను పాతమందన్నా, తప్పు సీసా అన్నా, మరిచిపోయారా అన్నా “సారీ సార్” అనేది. అంటే గంట ప్రశాంతంగా ముగిసేది, ఇంట్లో సాయంత్రం కూడా. ఇవాళ అంటే పోస్టు కూడా వస్తుంది.

“కడిగాను సార్,” అంది.

“మరి?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“అయొడైడ్ పెరాక్సైడ్ నుంచి ఆక్సిజన్ తీసుకుంటుంది. తీసుకుని తాను మారుతుంది. ఇంకో పెరాక్సైడ్ తగిలాక మళ్ళీ ముందటిలా అవుతుంది. ఆ మధ్యలో కొంత అయొడిన్ అవుతుంది. ఈ రంగు దానిది. పాల్గొనకపోతే రంగు రాదు.”

ఇన్‌స్పెక్టరు ఆమె వైపు తిరిగాడు.

“మీకెలా తెలుసమ్మా?”

“మా ఆవిడేలెండి సార్,” అన్నాడు అతను తేలిగ్గా. “ఇంట్లో నేను చదువుకుంటుంటే వింటూ ఉంటుంది.”

ఇన్‌స్పెక్టరు కూడా నవ్వబోయాడు. ఆమె తలూపితే చాలు, సర్దుకుపోతుంది. భర్త ఆమెనే చూస్తున్నాడు, తలూపుతుందనే.

“విని కాదు సార్,” అంది. “ఈ పాఠం రాసింది నేను. పంతొమ్మిదేళ్ళుగా అన్ని పాఠాలూ నేనే రాస్తున్నాను.”

అతను హెడ్డు కాకపోతే అతని పోస్టు ఖాళీ కాదు. అది తెలిసే అంది.