ఆఖరు ఎవరు?

“వెళ్లేది ఆసుపత్రికేగా నాయనా, ఆ గుండె ఒకసారి చూపించుకుని రా. చూపించుకోకుండా వచ్చావంటే తలుపు తీయను,” అంది ఉమ్సునాయ్.

అప్పటికింకా ఏమీ జరగలేదు. పొయ్యి మీద పాలు కూడా పొంగలేదు. కాని ఏదైనా జరిగాక భయపడే అలవాటు ఆమెకు లేదు. ముందే భయపడి పెట్టుకుంటుంది, శీతాకాలానికి బంగాళాదుంపలు తెచ్చి పెట్టుకున్నట్టు.

ఆమె కొడుకు మేదెర్ రొట్టెముక్కను పాలటీలో ముంచి, అది నోటి దాకా రాకముందే ఫోనులో ఏదో రాసుకుంటున్నాడు. రొట్టె మెత్తబడి గిన్నెలో పడిపోయింది. యాభైకి దగ్గరపడిన మనిషి. మెడ ఎప్పుడూ ఏదో చిన్న అక్షరం చదువుతున్నట్టు ముందుకు చాచి ఉంటుంది. కుడి మణికట్టు దగ్గర చర్మం బల్లకు రాసుకుని రాసుకుని నున్నబడి మెరుస్తుంది. కళ్లద్దాల కాడ విరిగితే తల్లి నల్లదారం చుట్టింది, అది చుట్టి ఎన్ని చలికాలాలైందో ఇద్దరికీ గుర్తులేదు. ఒకప్పుడు పెళ్లయింది. ఆ పిల్ల మంచిదే, ఇతనూ మంచివాడే, ఇద్దరి మధ్యా మాటలే దొరకలేదు. ఆమె వెళ్లిపోయింది. ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు.

ఒక చిన్న కంపెనీలో కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం అతని ఉద్యోగం. అభిప్రాయాలు రాయడం సరదా. ఫోనులో ఒక పేజీ ఉంది, దాన్ని చదివేవాళ్లందర్నీ కూర్చోబెట్టినా పెళ్లిబస్సు నిండదు. ప్రోగ్రాముల గురించి, కొత్త యంత్రాల గురించి, బజారు ధరల గురించి, జనం ఆరోగ్యం గురించి రోజూ నాలుగు మాటలు రాస్తాడు. రాసింది మొదట తల్లికి చదివి వినిపిస్తాడు. ఆమె చదువు పెద్దది కాదు, అయినా వింటుంది. వింటూ అతని పెదవుల రంగు చూస్తుంది.

“టీకా వేసినవాడికి ఎవరూ దండం పెట్టరు. రాని జబ్బుకు ముఖం ఉండదు కదా,” అని చదివాడు ఆ ఉదయం. “మంచి ప్రోగ్రామూ అంతే. ఏమీ జరగకుండా చూడటమే దాని పని.”

“అమ్మల పనీ అదే. అదీ రాయి,” అంది ఉమ్సునాయ్.

అతను నవ్వి, నిజంగానే రాశాడు. ఆమె మాత్రం నవ్వలేదు. జనం ఆరోగ్యం గురించి ఇంత రాస్తాడు, మెట్లెక్కుతూ మధ్యలో ఎందుకు ఆగుతున్నాడో అడిగితే మాత్రం ఊళ్లో పొగ అంటాడు. నిద్రలో చెయ్యి ఛాతీ మీదకు ఎందుకు పోతోందో అడిగితే అలవాటు అంటాడు.

వాకిట్లో అతని తలకు తనే టోపీ తొడిగింది. తను అల్లిందే. బూడిదరంగు ఊలు నడినెత్తి దగ్గరికొచ్చేసరికి అయిపోతే, ఉన్న గోధుమరంగుతో ముగించేసింది. సంచిలో టీ ఫ్లాస్కు పెట్టింది.

“ఫోను చేస్తే తియ్యి.”

“తీయకపోతే కోటేసుకుని బయల్దేరతావు. తెలుసు అపా.”

బిష్కెక్ మీద ఆ పూట బొగ్గుపొగ దించిన దుప్పటిలా ఉంది. పాప్లార్ చెట్లకు మొదళ్లున్నాయి, తలలు లేవు. ఎదురొచ్చే మనుషులు ముందు అడుగుల చప్పుడుగా వచ్చి, తర్వాత కోటుగా మారి, ముఖం వచ్చేలోపే దాటిపోతున్నారు. మేదెర్ నిద్రలో నడుస్తున్నవాడిలా నడిచాడు. ఇలాంటి పొగలో నడవటం అతనికి ఒకవిధంగా ఇష్టం. ఊరింకా రాయడం పూర్తికాని ప్రోగ్రాములా కనిపిస్తుందనీ, ఎక్కడికక్కడ మనమే ఊహించుకోవాలనీ ఒకసారి రాశాడు కూడా. అదే పొగ పిల్లల ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో ఆ కిందే రాశాడు. ఒక వీధిలో పొయ్యిలు మార్చడం ఒక ఆసుపత్రి కట్టడం కన్నా గొప్ప వైద్యం అన్నాడు. దాన్ని ఎవరూ పెద్దగా చదవలేదు.

మలుపు దగ్గర ఛాతీలో లోపలినుంచి ఎవరో పిడికిలి బిగించినట్టయింది. ఉల్లిపాయల బండి ముందు ఆగి, ధర చదువుతున్నట్టు నిలబడ్డాడు. పిడికిలి వదిలేదాకా బండివాడితో కబుర్లు పెట్టుకున్నాడు. ఎవరూ ఎవరికీ చెప్పరు, అయినా మధ్యాహ్నానికి వీధంతా ఒకటే ధర ఎలా అవుతుందో చూశావా అన్నాడు. బజారుకు ప్రోగ్రాము రాసినవాడు లేడన్నాడు. కాని జబ్బుమనిషి బేరమాడలేడు, అందుకే ఆసుపత్రి బజారు కాకూడదన్నాడు.

“కొనేదుంటే కొను బైకే. లేదంటే పక్కకు జరుగు, ఉల్లిపాయలకు కాస్త గాలి తగలనీ,” అన్నాడు బండివాడు. మావాళ్లకు వయసులో పెద్దవాడెవరైనా బైకే, అంటే అన్నే.

మేదెర్ నవ్వి జరిగాడు. పిడికిలి అప్పటికి వదిలింది.

ఆసుపత్రి గోడలకు నడుమెత్తు దాకా ఆకుపచ్చ రంగు, పైన సున్నం. బ్లీచింగు వాసన. కిటికీ గట్ల మీద కుండీల్లో ఎవరో ఇంటి నుంచి తెచ్చి పెట్టిన మొక్కలు. వాకిట్లో టోకెన్ల యంత్రం నిలబడి ఉంది. దాని ప్రోగ్రాము మేదెరే రాశాడు. ఇవాళే దానికి మొదటిరోజు, దగ్గరుండి చూడమని యజమాని పంపాడు.

రాయడం అయితే రాశాడు గాని అతనికి దాని మీద నమ్మకం లేదు. అతని పేజీలో నలుగురు చదివిన అభిప్రాయం ఏదైనా ఉందంటే అది ఇదే. వరుసకు ఇంతకన్నా మంచి ప్రోగ్రాము ఎవరూ రాయలేరు: రాగానే ‘ఆఖరు ఎవరు?’ అని అడగాలి. ఎవరో ఒకరు ‘నేను’ అంటారు. ఆ ఒక్క ముఖాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు, వరుసంతా దానంతటదే నడుస్తుంది. కరెంటు పోయినా ఆగదు. లేచి వెళ్లాల్సి వస్తే కుర్చీలో టోపీ పెట్టి వెళ్లు, నువ్వొచ్చేదాకా ఆ టోపీయే నువ్వు. యజమాని అది చదివి బాగుందన్నాడు. చాలా బాగుంది, ఇక యంత్రం సంగతి చూడు అన్నాడు.

జనం వచ్చారు. ఒక్కొక్కరే టోకెను తీసుకున్నారు, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు, తర్వాత వెనక్కి తిరిగి “ఆఖరు ఎవరు?” అని అడిగారు. పైన తెర మీద అంకెలు మారుతున్నాయి, కింద ఎవరూ కదలడం లేదు. అంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఒక ముసలాయన టోకెను చూపించి ముందుకు పోబోతే, టోకెను సంగతి తర్వాత తాతా, నువ్వు ఎవరి వెనకో చెప్పు అని నిలదీశారు. ఆయన ఎవరి వెనకా కాదు. సణుగుతూ వచ్చి చివర కూర్చున్నాడు.

“మేదెర్ బైకే, మీ యంత్రం మా ఆయనలాగుంది. ఒకటే అరుపు, వినేవాళ్లు లేరు,” అంది పేర్లు రాసే కిటికీ వెనక గుల్సున్.

కాసేపటికి ఆమే వచ్చి తన శాలువ తీసి తెర మీద కప్పేసింది. యంత్రం లోపలినుంచి అంకెలు పిలుస్తూనే ఉంది, నిద్రలో మాట్లాడే మనిషిలా. మేదెర్ సిగ్గుపడాల్సింది. అతనికి మాత్రం ఒళ్లు తేలికైనట్టుంది. యజమానికి ఫోను చేసి, ప్రోగ్రాములో తప్పేం లేదనీ, జనంలో అంతకన్నా పాత ప్రోగ్రాము నడుస్తోందనీ చెప్పాడు. యజమాని ఏమన్నాడో సరిగ్గా వినలేదు. పిడికిలి మళ్లీ బిగిసింది.

గుల్సున్ అతని ముఖం చూసింది. మైనంలా ఉంది, పై పెదవి మీద చెమట.

“అట్లా ఉన్నారేం బైకే? పదండి, గుండె డాక్టరమ్మకు చెప్పి లోపలికి పంపిస్తాను. మీరు మావాళ్లే, ఎవరేమంటారు?”

“వరుస రాసినవాడే వరుస దాటితే ఎలా చెల్లీ?”

ఇలాంటి మాటలు మన మగవాళ్లకు ఎక్కణ్ణుంచి వస్తాయో. తల్లి అక్కడుంటే చెవి పట్టుకుని లోపలికి తోసేది. గుల్సున్‌కు తల్లంత చనువు లేదు. వంచిన తల ఎత్తేసరికి అతను మెట్లెక్కుతున్నాడు.

పైన గుండె డాక్టరమ్మ గది ముందు కుర్చీల వరుస. “ఆఖరు ఎవరు?” అని అడిగాడు మేదెర్. నోరారా అడిగాడు.

“నేనే తమ్ముడూ,” అంది ఒక అరవై ఏళ్ల మనిషి. పేరు సోనున్, బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి మానేసింది. కాళ్లు వాచి బూట్లలో పట్టక, జిప్పు సగమే పెట్టుకుంది. మేదెర్ పక్కనే కూర్చుని ఫ్లాస్కు మూతలో టీ పోసి ముందు ఆమెకిచ్చాడు. ఎదురుగా కిటికీ. అవతల పొగ, పొగ వెనక ఎక్కడో మంచుకొండలు ఉండాలి.

తల్లి ఫోను చేసింది.

“వరుసలో ఉన్నాను అపా. నా ముందు ఒక్కరే.”

అబద్ధమేమో అంది ఆమె.

“అబద్ధం కాదు. ఎవరికైనా ముందుండేది ఒక్కరేగా.”

ఆమె సంతోషించింది. వెంటనే, గొంతు ఎందుకంత నెమ్మదిగా ఉందని అడిగింది. ఆసుపత్రి కదా అపా అన్నాడు. ఫోను పెట్టేశాక సోనున్‌తో, మా అమ్మకు నేను ఒక్కసారి ఫోను తీయకపోతే చాలు, కోటేసుకుని బయల్దేరుతుంది అని చెప్పాడు. ఒకసారి ఆఫీసు దాకా వచ్చేసి, కొడుకు బతికే ఉన్నాడని చూసి, వాణ్ణి పిలవొద్దులెండని వెళ్లిపోయిందట.

ఉక్కగా అనిపించి టోపీ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. సోనున్ వేళ్లతో దాని అంచు పట్టి చూసింది. కుట్టుపని చేసిన వేళ్లు ఊరుకోవు కదా.

“నెత్తిమీదకొచ్చేసరికి ఊలు అయిపోయిందా?”

“అయిపోతే మా అమ్మ ఆగదు ఎజే. ఉన్నదాంతో ముగిస్తుంది,” అన్నాడు, అక్కను పిలిచినట్టే.

“తిరగేసి చూడు, ఒక్క ముడి కూడా కనపడదు,” అంది సోనున్, టోపీ అతని మోకాళ్ల మీదే పెడుతూ.

తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒకరు లోపలికి, ఒకరు బయటికి. మేదెర్ కిటికీ వైపు చూస్తున్నాడు. పొగ ఒకచోట పలచబడి, అందులోంచి కొండ అంచు తెల్లగా, పళ్లెం అంచులా కనిపించింది. ఎంత దగ్గరుందో అనుకున్నాడు. ఇక్కణ్ణుంచి అక్కడి దాకా మనుషులు వరుసగా కూర్చున్నట్టు, ప్రతివాడూ తన ముందున్న ఒక్కరి ముఖం గుర్తుపెట్టుకున్నట్టు, ఆ మొదటి మనిషి మంచులో ఎవరి తలుపు దగ్గరో ఓపిగ్గా నిలబడ్డట్టు అనిపించింది. ఇది రేపు రాయాలి అనుకున్నాడు. అమ్మకు చదివి వినిపించాలి. పిడికిలి ఈసారి బిగియలేదు. మెల్లగా విచ్చుకుంటోంది, వేలు తర్వాత వేలు.

“ఆఖరు ఎవరండీ?” అని ఎవరో అడిగారు. పసిపిల్లను ఎత్తుకున్న ఒక చిన్నది.

అతనికి జవాబు తెలుసు. చాలా తేలికైన జవాబు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

ఆ చిన్నది మళ్లీ అడిగింది. అప్పుడు సోనున్ పక్కకు తిరిగి చూసింది.

నలుగురు పట్టి అతన్ని డాక్టరమ్మ గదిలోకి తీసుకుపోయారు. జీవితంలో మొదటిసారి మేదెర్ వరుస దాటాడు. ఎవరూ ఏమీ అనలేదు. పిల్లతల్లి బిడ్డ ముఖం మీద తలగుడ్డ కొస కప్పి మెట్లు దిగి వెళ్లిపోయింది. నేలమీద పడ్డ టోపీని సోనున్ తీసి, దుమ్ము దులిపి, అతను కూర్చున్న కుర్చీలో పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. అలవాటు.

మూసిన తలుపు అవతల ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది. తర్వాత మోగలేదు.

చాలాసేపటికి నర్సు బయటికొచ్చింది. ఎవరి ముఖమూ చూడకుండా, ఆయన తాలూకు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఎంత ప్రయత్నించినా ఆ గుండె తిరిగి కొట్టుకోలేదని గోడతో చెప్పినట్టు చెప్పి లోపలికి వెళ్లిపోయింది. వరుసలో ముందున్నవాళ్లు ఎవరూ లేవలేదు. సోనున్ కూడా లేవలేదు.

అప్పుడొచ్చింది ఉమ్సునాయ్. కోటు గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుంది. మెట్ల దగ్గర నిలబడి కుర్చీల్లోని ముఖాలు ఒక్కొక్కటే చూసింది. కొడుకు లేడు. లేడంటే లోపలికి వెళ్లాడన్నమాట. చూపించుకుంటున్నాడన్నమాట. అందుకే ఫోను తీయలేదు. దారంతా మోసుకొచ్చిన భయం భుజాల మీదనుంచి జారిపోయింది. ఆ మనిషి ముఖంలో అంత నిశ్చింత ఈమధ్య ఎవరూ చూసి ఉండరు. వాడు బయటికొచ్చేదాకా తనూ ఒక మూల కూర్చుంటే సరి. తనకూ ఈమధ్య ఆయాసంగానే ఉంది, ఎలాగూ వచ్చింది, వాడి వెనకే తనూ చూపించుకుంటే వాడు సంతోషిస్తాడు. తలగుడ్డ సర్దుకుని, అందరూ అడిగినట్టే అడిగింది.

“ఆఖరు ఎవరు?”

ఎవరో బూటు వెనక్కి లాక్కున్నారు.

వినపడలేదేమో అని ఆమె మళ్లీ అడగబోయి ఆగింది. అంతా నేల చూస్తున్నారు. ఒకాయన కిటికీ వైపు తిరిగాడు. కింద శాలువ లోపలినుంచి యంత్రం ఎవరి అంకెనో పిలిచింది. ఆమె గుండీలు, ఆమె గడ్డం, పోయిన మనిషి గడ్డంలాంటి గడ్డమే, సోనున్ చూసింది. తల్లి అయినా అపాయే మా వాళ్లకు, దారినపోయే పెద్దామె అయినా అపాయే. ఆ ఒక్క పిలుపు నోటికి రావడానికి సోనున్‌కు ఎంతసేపు పట్టిందో. వాచిన కాళ్ల మీద లేచి నిలబడి, వచ్చిన మనిషి చల్లటి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

“ఆ టోపీ, అపా,” అంది. “ఆ టోపీ తర్వాత మీరే.”

గోడవారన ఉన్న ఆఖరి కుర్చీలో, గోధుమరంగు ఊలు పైకి వచ్చేలా, లోపల ఇంకా ఒక తల ఉన్నంత గుండ్రంగా, ఆ టోపీ తన వంతు కోసం కూర్చుని ఉంది.