ఏడో నంబరు జాడీ

జాడీ అడుగున గోధుమరంగు గార ఇంకా వదల్లేదు. అతను పొడుగు బ్రష్షు లోపలికి తోసి మూడుసార్లు తిప్పాడు. నాలుగోసారి కళ్లముందు చీకటి కమ్మింది. తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు. చీకటి తగ్గాక మళ్లీ తిప్పాడు.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ పరిశోధనశాలలో గాజుసామాను కడుగుతున్నాడు. అందరూ సీసాలాయన అంటారు. వేళ్ల చివర్లు నీళ్లలో నాని ముడతలు పడి అలాగే ఉండిపోయాయి. నిలబడి నిలబడి మోకాళ్లు అరిగాయి. వాటికోసం రెండు నెలలుగా షాపులో కొన్న నొప్పి బిళ్లలు మింగుతున్నాడు, పొద్దున రెండు, పడుకునేముందు రెండు. ఆ సంగతి భార్యకు తెలుసు. డాక్టరమ్మకు తెలియదు.

డాక్టరమ్మ పరిశోధన పేగుల గురించి. పేగుల్లో కంటికి కనపడని జీవులు కోట్ల కొద్దీ ఉంటాయట. మనకు అరగని పొట్టు వాటికి తిండట. కోకో కూడా వాటికి పడుతుందట. అవి తిని వదిలే పులుపుతో పేగు గోడ గట్టిపడుతుందట. అది తేల్చడానికి పన్నెండు మందికి అరవై రోజులకు సరిపడా పొట్లాలిచ్చింది. పొద్దునొకటి, సాయంత్రమొకటి, వేడినీళ్లలో కలుపుకుని తాగాలి. కొందరి పొట్లాల్లో పొట్టుతో పాటు కోకో ఉంది, కొందరివాటిలో ఉత్త పొట్టు. అన్నిటికీ ఒకటే రంగు, ఒకటే చేదు. ఎవరిది ఏదో డాక్టరమ్మకూ తెలియకుండా జాబితాను కవర్లో పెట్టి అంటించారు.

మనిషి తక్కువైతే సీసాలాయన్ని చేర్చుకున్నారు. నంబరు ఏడు. చేదు నాలిక్కి తగలగానే తనది కోకోయేనని అతను నిశ్చయించుకున్నాడు.

ఒక్కొక్కరి మలంలోంచి తీసిన జీవుల్ని వెచ్చగదిలో ఒక్కొక్క గాజు జాడీలో పెంచుతున్నారు. ఆ మనిషి తాగే పొడే వాటికీ మేత. లోపల గాలి పుడుతుంది కాబట్టి మూతకు కన్నం ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ బుడగలు ఏడో జాడీవే. “మీ పొట్ట బంగారం,” అంది డాక్టరమ్మ ఒకసారి. అంతకుముందు ఏ విషయంలోనూ అతన్ని ముందు నిలబెట్టినవాళ్లు లేరు.

మందులు మింగినవాళ్లను జాబితాలోంచి తీసేస్తారు. తొమ్మిదో నంబరు మనిషి జ్వరానికి బిళ్లలు వేసుకున్నానని నిజం చెప్పాడు. ఆ సాయంత్రమే తొమ్మిదో జాడీని పారబోయమన్నారు. పారబోసింది సీసాలాయనే. మరిగే నీళ్లు పోయగానే బుడగలు ఆగిపోయాయి. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

పది రోజులుగా దొడ్డికి తారులా నల్లగా అవుతోంది.

“ఏమయ్యా, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆసుపత్రికి పద,” అంది భార్య ఆ పొద్దున.

“కోకో తాగితే నల్లగా పోక తెల్లగా పోతుందా?”

“యాభై రోజులు తాగావుగా. అప్పుడు లేదేం?”

“లోపల పేరుకుంది. ఇప్పుడు దిగుతోంది.”

“బావుంది. పొట్టా, గిడ్డంగా?” ఆమె గ్లాసు కడిగి బోర్లించింది. “ఆ జాడీ మీదున్న ప్రేమలో వీసమెత్తు కట్టుకున్నదాని మీద ఉంటే నా బతుకు ఎప్పుడో బాగుపడేది.”

“ఇవాళ్టితో అరవై. రేపు వెళ్దాం.”

“రేపంటే రేపేనా?”

అతను అప్పటికే చెప్పులు తొడుక్కున్నాడు.

పది గంటలకు డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని తొట్టి దగ్గరికి వచ్చింది.

“ఏం సీసాలాయనా, ఆఖరి రోజు. ఒంట్లో తేడా ఏమైనా?”

“లేదండి.”

“బిళ్లలేమైనా వేసుకున్నారా?”

“లేదండి.”

“నన్ను ఏడిపించనిది మీరొక్కరే.” ఆమె టిక్కు పెట్టింది.

“అమ్మగారూ, అయిపోయాక జాడీల్లో వాటినేం చేస్తారండీ?”

“ఏముంది, పారబోయడమే. సాయంత్రం మీకే ఆ పని.”

“ఒక్క మాటండి...”

“తర్వాత చెబుదురుగాని. కవరు తెప్పించాలి.”

ఆమె వెళ్లిపోయింది. అతను కడిగిన జాడీలు బోర్లించి, చేతులు తుడుచుకుని, గోడ పట్టుకుంటూ వెచ్చగదికి నడిచాడు. లోపల పుల్లటి వాసన. ఏడో జాడీ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బుడగలు గొలుసులా పైకి లేస్తున్నాయి. బిళ్లలు మొదలుపెట్టినప్పటినుంచీ ఉన్న పొట్టలో మంట పొద్దుటినుంచీ లేదు. అది మంచిదేననుకున్నాడు. వెచ్చగదిలో కూడా చలేస్తోంది. కాళ్లు దగ్గరికి ముడుచుకుని తల గోడకు ఆనించాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ కవరు చింపింది. ఏడో నంబరు: ఉత్త పొట్టు, కోకో లేదు. కోకో లేకుండానే అన్ని బుడగలా అని నవ్వుకుంది. ఆ వారం అందరూ ఇచ్చిన మలం డబ్బాలు మంచుపెట్టెలోంచి బయటికి తీయించింది. లెక్కంతా ముగిసేదాకా వాటి మూతలు తీయకూడదని నియమం. ఏడో డబ్బా మూత తీసింది. లోపల తారు. చెంచాకు అంటుకుని వదల్లేదు. ఆమె జాబితా మళ్లీ చూసింది. కోకో లేదు.

కోకో కాకపోతే ఆ నలుపు లోపల కారిన నెత్తురే. చెంచా వదిలేసి వెచ్చగదికి పరుగెత్తింది.

సీసాలాయన తల గోడకు ఆనే ఉంది. రెండుసార్లు పిలిచింది. చెయ్యి పట్టుకుని చూసింది. ఆ గదిలో అదొక్కటే చల్లగా ఉంది. పక్కన ఏడో జాడీలో బుడగలు లేస్తూనే ఉన్నాయి.

సాయంత్రం భార్య వచ్చింది. ఏడవలేదు. “రేపు వెళ్దామన్నాడు,” అని మాత్రం అంది. డాక్టరమ్మ అతని చేతిసంచి తెచ్చి ఆమె ముందు తెరిచింది. లోపల ఒక ఖాళీ తేనె సీసా ఉంది. గాజు ఉందో లేదో తెలియనంత శుభ్రంగా కడిగి ఉంది. కాగితం ముక్క మీద వంకరగా ఏడు అంకె వేసి అంటించాడు. మూతకు మేకుతో ఒక కన్నం పొడిచాడు, గాలి పోవడానికి.