మేడ మీద అడుగులు

ఆ ఇంట్లో గిన్నెలు ఎవరు తోమాలన్నది నాటకమే తేల్చేది. అక్కా తమ్ముడూ ఒకే నాటక సమాజంలో వేషాలు కట్టేవాళ్ళు. కొత్త నాటకం చేతికొచ్చిందంటే ఇల్లంతా రిహార్సలే. అన్నం తింటూనో, తలుపుకి గొళ్ళెం పెడుతూనో, ముందుగా చెప్పకుండా ఒకరు డైలాగు విసరాలి. రెండోవాళ్ళు ఠక్కున అందుకోవాలి. అందుకోలేకపోయినా, మాట తప్పు పలికినా ఆ పూట గిన్నెలు వాళ్ళవే. అక్క బట్టలు కుడుతుంది. ఆవిడ నోరూ మిషనులాగే ఆగకుండా నడుస్తుంది. గడియారాల కొట్టులో పనిచేసే తమ్ముడికే ఎప్పుడూ సబ్బు చేతులు.

ఆసారి దొరికింది నవ్వుల నాటకం. ఖాళీ మేడ మీద ఎవడో తిరుగుతున్నాడని ఒకడు మొత్తుకుంటాడు. సొంత అక్క దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరూ వాడికి పిచ్చెక్కిందని తేల్చేస్తారు. చివర్లో, పెళ్ళానికి భయపడి అక్కడ దాక్కున్న ఇంటి ఓనరు మెట్లు దిగి వస్తాడు. పిచ్చివాడనిపించుకున్నవాడు ఎగిరి గంతేస్తాడు, మిగతావాళ్ళు నోళ్ళు వెళ్ళబెడతారు. ఆ అక్కాతమ్ముళ్ళ వేషాలు వీళ్ళిద్దరివే. పైగా వీళ్ళింటి మేడ కూడా ఖాళీయే, సెట్టింగుతో సహా కుదిరిందని అక్క మురిసిపోయింది.

ఒక పొద్దున ఆవిడ కాజాలు కుడుతుంటే తమ్ముడు గుమ్మంలో నిలబడి, "అక్కా, మేడ మీద ఎవరో నడుస్తున్నారు," అన్నాడు.

"నడిచేది నీ బుర్రలోరా. చెప్పులు విప్పి నడవమను!" తలెత్తకుండానే అందుకుంది అక్క. వెంటనే తప్పు కూడా పట్టుకుంది. "అయినా 'ఎవరో నడుస్తున్నారు' ఏమిటి? 'ఎవడో తిరుగుతున్నాడు' అనాలి. పో, గిన్నెలు నీవే."

అతను వెళ్ళి గిన్నెలు తోమాడు.

ఆ తర్వాత రోజూ అదే మాట. తిండి తగ్గింది, కళ్ళు లోపలికి పోయాయి. అక్క మాత్రం నాటకం ఆడించే మాస్టారితో, "మావాడు వేషంలో దిగిపోయాడండీ," అని గొప్పలు పోయింది. గడియారం చెవి దగ్గర పెట్టుకుని జబ్బు చెప్పగలిగే మనిషి ఏదో వినిపిస్తోందంటే ఒక్కసారైనా ఆగి వినాలని ఆవిడకి తోచలేదు.

నాటకం రోజు స్టేజీ మీద ఓనరు వేషగాడు మెట్లు దిగాడు. తమ్ముడు గంతెయ్యలేదు. ఆయన కాళ్ళకేసి చూసి కింద కూలబడ్డాడు. "ఈయన కాదక్కా. ఇది ఆ నడక కాదు," అంటూ ఏడ్చాడు. హాలంతా పగలబడి నవ్వింది.

"మరెవర్రా, ఈయన బామ్మర్దా?" అంది అక్క, తడుముకోకుండా. ఈలలు, చప్పట్లు. తెర పక్కనుంచి మాస్టారు, అలాగే కానీ అని చెయ్యి ఊపాడు.

ఆ రాత్రి ఇంటి గుమ్మం దగ్గర తమ్ముడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. చెవుల వెనక ఇంకా రంగు పోలేదు. "అక్కా, ఇప్పుడు నేను చెప్పేది డైలాగు కాదు."

"అబ్బ! ఇది ఇంకా బాగుందిరా. మళ్ళీ ఆడినప్పుడు ఇదీ కలిపేద్దాం."

అతను చెయ్యి వదిలేశాడు.

మర్నాడు తమ్ముడు కొట్టుకి రాలేదని కబురొచ్చింది. అక్క ఊరంతా వెతికి, ఆఖరికి మేడెక్కింది. అతను పై మెట్టు మీద కర్ర పట్టుకుని కూర్చున్నాడు. "నువ్వు కిందికెళ్ళి కుట్టుకో అక్కా. నీ జోలికి రానివ్వను," అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఈ అడుగుల సంగతి ఇంట్లో ఎవరికైనా ముందే చెప్పాడా అని అడిగింది. "రోజూ చెప్పాడండీ," అంది అక్క. "నేను జోకు అందుకున్నాను."

మందులు పనిచేశాయి. తమ్ముడు మళ్ళీ కొట్టుకి వెళ్తున్నాడు, నాటకాలు మాత్రం ఇద్దరూ మానేశారు. అప్పుడప్పుడు ఆశ చావక అక్క పాత డైలాగు ఒకటి విసురుతుంది. అతను అందుకోడు, నేరుగా గిన్నెల దగ్గరికి పోతాడు. ఆవిడ ప్రాణం ఉసూరుమంటుంది.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ అతను ముద్ద చేతిలోనే పట్టుకుని పైకి చూశాడు.

"ఏంట్రా?"

"ఏం లేదక్కా."

అక్క ఎంగిలి చేత్తోనే లేచింది. మేడెక్కి ప్రతి గదీ చూసింది, పాత ట్రంకుపెట్టె వెనక కూడా వంగి చూసింది. ఆయాసపడుతూ దిగి వచ్చింది. "చూశానురా. ఎవరూ లేరు."

"తెలుసక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "అప్పుడు కూడా నువ్వు ఒకసారి చూసొస్తావనే చెప్పాను."

ఆవిడకి అందుకోవడానికి మాట దొరకలేదు. అతను తినేదాకా కూర్చుని, రెండు కంచాలూ తీసుకుని తోమడానికి వెళ్ళింది.