విల్లా, బర్మారా, రైఫిలా

వేట పరీక్ష పాసైన సంతోషం జితేంద్రకు ఆ సాయంత్రం దాకా కూడా నిలవలేదు. డ్యూసెల్‌డార్ఫ్ నుంచి స్నేహితుడు శరత్ ఫోన్ చేసి, కంగ్రాట్స్ చెప్పీ చెప్పకముందే, "అయితే ఏది కొంటున్నవ్‌రా?" అని అడిగాడు. అక్కడ పట్టుకుంది పీడ.

జితేంద్రది మంచిర్యాల. జర్మన్ ఊరు ఎర్లాంగెన్‌లో ఎక్స్‌రే యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఊరి శివార్లో ఇల్లు కొని ఏళ్ళు గడిచినా పక్కింటివాళ్ళు అతనితో వాన గురించీ చెత్తడబ్బాల గురించీ తప్ప మాట్లాడి ఎరగరు. ఒకరోజు అడవిదారిలో సైకిల్ మీద వస్తుంటే, ఒక పెద్దావిడ మంచె మెట్టు బిగించలేక అవస్థ పడుతూ కనిపించింది. దిగి చెయ్యి వేశాడు. ఆవిడ ఫ్రౌ హెర్ట్‌లైన్. పళ్ళ డాక్టరుగా రిటైరైంది. ఆ అడవిలో వేట హక్కు ఆవిడదే. చెట్టు కింద కూచోబెట్టి ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చి, జింకల గురించి చీకటిపడే దాకా చెప్పింది. ఈ దేశంలో ఒక మనిషి నాతో ఇంతసేపు మాట్లాడిందని జితేంద్ర పొంగిపోయి ఇంటికొచ్చాడు. మర్నాడే వేట కోర్సులో చేరాడు.

ఇక్కడ తుపాకీ పట్టడానికి ముందు చలికాలమంతా బడికి పోవాలి. ఆకుల పేర్లు, కుక్కల జాతులు, జింక పేగులో పురుగులు, చట్టం, గురి, అన్నీ అడుగుతారు. ఇక్కడే పుట్టినవాళ్ళు కూడా బోల్తా పడే పరీక్ష. మునగాకుకీ అవిసాకుకీ తేడా తెలియని మనిషి నెగ్గుకొచ్చాడంటే భార్య వైశాలి చాలా రోజులు నమ్మలేదు.

ఫ్రౌ హెర్ట్‌లైన్ మాట ఇచ్చింది. సొంత తుపాకీ కొనుక్కుని వస్తే తన అడవిలో పడమటి మంచె అతనిదే. ఆవిడ మోకాళ్ళు ఇక మెట్లెక్కనివ్వడం లేదు. కాకపోతే ఆకు రాలేలోపు రావాలి. లేకుంటే పక్క ఊరి కోతమిల్లు ఆయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, ఆయనకు ఇచ్చేస్తుంది. అంటే జితేంద్ర చెయ్యాల్సింది ఒక్కటే, తుపాకీ కొనడం.

నలుగురినీ అడిగి కొందామనుకోవడమే అతను చేసిన తప్పు.

శరత్‌ది విల్లు పక్షం. అమెరికావాళ్ళ వీడియోలు రోజుకొకటి పంపేవాడు. విల్లయితే చప్పుడుండదు, దగ్గరికి పోవాలి, అదిరా మగతనం అనేవాడు. వాడు జన్మలో బొద్దింకను కూడా చంపలేదు. ఇక్కడ జింకను బాణంతో కొట్టడం నేరమని జితేంద్ర చెబితే, డెన్మార్క్‌లో ఒప్పుకుంటారట, అక్కడికి పోదాం అన్నాడు. ఆ మాట పట్టుకుని జితేంద్ర వారమంతా డెన్మార్క్ చట్టం చదివాడు. జింక వెంట విల్లు పట్టుకుని పోయినవాడి సంసారం ఏమైందో మనవాళ్ళలో ఎవరికీ చెప్పనక్కర్లేదని వైశాలి అంది గానీ, అతను వినిపించుకోలేదు.

డార్మ్‌స్టాట్‌లో ఉండే రవీంద్రనాథన్నది బర్మార్ పక్షం. ఖానాపూర్ అడవుల పక్కన పెరిగినవాడు. వాళ్ళ కాక దగ్గర బర్మార్ అనే నాటు తుపాకీ ఉండేదట. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, ఇనుప గుండు దించి, కడ్డీతో దట్టించేవాడట. "ఒక్కటే దెబ్బ తమ్మీ. రెండోది నింపేలోపల అది జిల్లా దాటుతది. గందుకే మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని కొడ్తడు" అని ఫోన్లో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. కళ్ళు మూసుకున్న సంగతి గొంతులోనే తెలిసేది. ఆ మాట జితేంద్ర గుండెకు తగిలింది. అలాంటి పాతకాలపు తుపాకులు ఇక్కడా ఉన్నాయి, కానీ మందు దగ్గరుంచుకోవడానికి వేరే కోర్సు, వేరే అనుమతి. పైగా ఫ్రౌ హెర్ట్‌లైన్ ముందు ఆ ఊసెత్తితే, పళ్ళు పీకడానికి సుత్తి తెచ్చిన రోగిని చూసినట్టు చూసింది.

మిగిలింది రైఫిల్. హమ్మయ్య, ఒకటే మిగిలింది కదా అనుకుని కొట్టుకు పోతే, అక్కడ రైఫిల్ అనే ఒక్క వస్తువు లేదు. గుండు సైజులే చీరల రంగులన్ని ఉన్నాయి. ఒకటి భుజాన్ని తన్నుతుంది, ఒకటి మాంసాన్ని పాడు చేస్తుంది, ఒకటి రెంటికీ మధ్యస్థం, ఆ మధ్యస్థంలో మళ్ళీ నాలుగు రకాలు. కొట్టువాడు ఓపికగా చెప్పాడు. జితేంద్ర అంతకంటే ఓపికగా విని, ఆలోచించుకుని వస్తానని బయటపడ్డాడు. అలా ఎన్నిసార్లు బయటపడ్డాడో కొట్టువాడికే తెలియాలి.

"నేను చీర కొననీకి గంట తీసుకుంటే మొకం మాడ్చుకుంటవ్ గదా" అంది వైశాలి. ఎండాకాలం పోయింది. ఓక్ ఆకులు అంచుల్లో ఎర్రబడ్డాయి.

ఫ్రౌ హెర్ట్‌లైన్‌ను అడిగితే ఆవిడ ఒక్క ముక్కలో తేల్చింది. జింకకు మనం వచ్చిన సంగతి తెలియకముందే అయిపోవాలి, ఏది అలా చేయగలదో అది కొనుక్కో అంది. జితేంద్ర తలూపి ఇంటికొచ్చి, ఈ మూడింటిలో ఏది తొందరగా ప్రాణం తీస్తుందో వెతకడం మొదలుపెట్టి, మళ్ళీ మొదటికొచ్చాడు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడి గతే మనకు తెలుసు, ఇతనివి మూడు. అడిగితే ఒప్పుకునేవాడు కాదు గానీ లోపల సంగతి వేరు. ఏ ఆయుధమో తేలనంత కాలం, అసలు తను చంపగలడా లేదా అన్నది తేల్చుకోనక్కర్లేదు. అది అతనికి సుఖంగా ఉంది. సిగ్గుగా కూడా ఉంది.

దసరా శనివారం వచ్చింది. నూరెంబర్గ్‌లో తెలుగువాళ్ళ ఫంక్షన్. పొద్దున్నే పొగమంచులో బయల్దేరారు. వైశాలి పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో, ఒళ్ళో పులిహోర డబ్బా. వెనక కూతురు స్నిగ్ధ, ఆ పిల్ల ఒళ్ళో తులసి కుండీ. చలికాలం తమ బాల్కనీలో తులసి బతకడం లేదని, అక్కడి స్నేహితురాలు మంగ ఇంట్లో ఎండ పడే కిటికీలో ఉంచడానికి తీసుకుపోతున్నారు. కారు స్పీకర్లో శరత్. క్రాస్‌బో సంగతి ఆలోచించావా అంటున్నాడు. అది అసలు విల్లు కిందికి వస్తుందా రాదా అని జితేంద్ర వాదిస్తున్నాడు. అడవి మలుపులో మంచులోంచి గోధుమరంగు ఏదో లేచింది. బ్రేకు తొక్కాడు. బంపరు దడేల్‌మంది.

వసంతం నుంచి విల్లా, బర్మారా, రైఫిలా అని తర్జనభర్జన పడిన మనిషి తన మొదటి జింకను కారుతో కొట్టాడు.

అది రే. ఇక్కడి అడవుల్లో మన మేకంత ఉండే చిన్న జింక. ఆడది. రోడ్డు పక్క గడ్డిలో పడి ఉంది. వెనక కాళ్ళు రెండూ పోయాయి. ముందు కాళ్ళ మీద లేవబోతుంది, పడుతుంది, మళ్ళీ లేవబోతుంది. స్పీకర్లో శరత్ ఇంకా మాట్లాడుతూనే ఉంటే వైశాలి కట్ చేసింది.

కోర్సులో నేర్పినవన్నీ జితేంద్ర వరసగా చేశాడు. లైట్లు వేశాడు, పసుప్పచ్చ జాకెట్టు తొడుక్కున్నాడు, రోడ్డు మీద ఎర్ర త్రికోణం పెట్టాడు, పోలీసులకు చెప్పాడు. అది ఫ్రౌ హెర్ట్‌లైన్ అడవే కాబట్టి ఆవిడకూ ఫోన్ చేశాడు. వస్తున్నాను, దూరంగా ఉండండి, ముట్టుకోవద్దు అందావిడ. అది అతనికి తెలిసిందే. దెబ్బతిన్న అడవి జంతువుకు మనిషి చెయ్యి ఓదార్పు కాదు, మీద పడ్డ పులితో సమానం. పరీక్షలో ఆ ప్రశ్నకు సరైన జవాబే రాశాడు.

వైశాలి కారు దిగింది. స్నిగ్ధ ఒళ్ళోని కుండీ నుంచి తులసి రెమ్మ తుంచింది. నీళ్ళ సీసా తీసుకుని గడ్డిలోకి నడిచింది.

"వైశాలీ, వద్దు. దగ్గరికి పోతే ఇంకింత భయపడ్తది."

"పొయ్యే ప్రాణానికి నీళ్ళు గూడ ఇయ్యకుండ పంపుతమా?"

జితేంద్ర దగ్గర జవాబుంది. కానీ చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ గొంతులో చెంచాతో నీళ్ళు పోసింది అతనే. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి, ఇక సుఖంగా పోతుందని కళ్ళు తుడుచుకున్నారు. కాళ్ళు ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు.

వైశాలి మోకాళ్ళ మీద కూచుంది. జింక లేవడానికి కొట్టుకోవడం ఆపేసింది. కదలకుండా ఉండిపోయింది. ఆమె తులసి రెమ్మ దాని పెదవుల మధ్య పెట్టి, సీసా మూతతో నీళ్ళు పోసింది. సగం గడ్డిలోకి కారాయి. శాంతించిందా, భయంతో బిగుసుకుందా? కోర్సు ప్రకారం అది భయం. నాయనమ్మ మంచం ప్రకారం అది శాంతి. జితేంద్ర ఎంత చూసినా దాని కంటిలో అతనికేమీ తెలియలేదు.

స్నిగ్ధ కిటికీ దించి జర్మన్‌లో అడిగింది, నాన్నా, నువ్వు వేటగాడివి కదా, మరి నీ తుపాకీ ఏది అని.

"ఇంకా ఆలోచిస్తున్న బిడ్డా."

"ఇమ్మర్ నోఖ్?" అంది పిల్ల. ఇప్పటికీనా అని. నిజానికి కొని ఉన్నా ఆ తుపాకీ ఇంట్లో ఇనప్పెట్టెలో ఉండేది గానీ దసరా ఫంక్షన్‌కు వచ్చేది కాదు. ఆ సంగతి తెలిసి కూడా జితేంద్ర తల ఎత్తలేకపోయాడు.

ఫ్రౌ హెర్ట్‌లైన్ జీపు వచ్చి ఆగింది. ఆవిడ కుంటుతూ దిగి, జింకను చూసి, దాని పక్కనున్న పట్టుచీరను చూసి, సంచిలోంచి రైఫిల్ తీసి జితేంద్రకు అందించింది. లైసెన్సు మీకూ ఉంది, కొట్టింది మీరు, ముగించాల్సింది మీరే అంది.

చేతిలో బరువు పడేసరికి అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాట, ఇది ఏ సైజు గుండు అని.

"అది అడగడం లేదు కదా" అందావిడ జింకను చూపించి.

వైశాలిని కారులోకి పొమ్మన్నాడు. పిల్ల చెవులు మూయమన్నాడు. ఆమె కూచుని తలుపు వేసుకున్నాక, ఎక్కడ నిలబడాలో, ఎక్కడ కొట్టాలో ఆలోచించకుండానే చేతులు చేశాయి. చప్పుడుకు కాకులు లేచాయి. జింక తల గడ్డి మీద వాలింది. ఎండాకాలమంతా భయపడిన పని అంతలో అయిపోయింది.

ఫ్రౌ హెర్ట్‌లైన్ ఓక్ చెట్టు నుంచి చిన్న కొమ్మ విరిచింది. వేటలో ప్రాణం తీసిన జంతువు నోట్లో ఒక పచ్చని రెమ్మ పెడతారిక్కడ. చివరి ముద్ద అంటారు. రోడ్డు మీద చచ్చినా నా అడవిలో పుట్టిందే కదా అని గొణుక్కుంటూ, కష్టంగా మోకాలు వంచి దాని పెదవి ఎత్తింది. అక్కడ అప్పటికే పచ్చని రెమ్మ ఉంది. ఆవిడ ఒక ఆకు గిల్లి వాసన చూసింది. ఎవరు పెట్టారంది. కారు దిగి వచ్చిన వైశాలి, నేనే అంది జర్మన్‌లో. ప్రాణం ఉండగానే.

"ఉండగా పెట్టకూడదమ్మా. మన చెయ్యి దానికి ఎంత భయమో మీ ఆయనకు తెలుసు."

వైశాలి జితేంద్ర వైపు తిరిగింది. "తెలుసా?"

"తెలుసు. వద్దన్న గదా."

"గట్లనా ఆపేది? తప్పయితే నా చెయ్యి పట్టుకుని గుంజాలె. తప్పు గాకుంటే వచ్చి నా పక్కన కూసోవాలె. నువ్వు నడుమ నిలబడి చూసినవ్."

ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ మాటలు ఫ్రౌ హెర్ట్‌లైన్‌కు అర్థం కాకపోయినా, అర్థమైనట్టే తలూపింది. తులసిని తీయలేదు. ఓక్ కొమ్మ దాని పక్కనే పెదవుల మధ్య దోపి లేచింది. జింకను జీపులోకి ఎక్కించాక, కోతమిల్లు ఆయన మొన్న మళ్ళీ అడిగాడని చెప్పింది. మీరు వస్తారా, రారా, ఒక్క మాట చెప్పండి అంది.

జితేంద్ర గడ్డిలో తడి మిగిలిన చోటును చూశాడు. "వస్తాను" అన్నాడు. ఎందుకన్నాడో తెలియదు. తప్పో ఒప్పో కూడా తెలియదు. కానీ అన్నాడు.

వాళ్ళు కారెక్కి బయల్దేరిన కాసేపటికి శరత్ మళ్ళీ ఫోన్ చేశాడు. జరిగింది వైశాలే చెప్పింది. తర్వాత శరత్ గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకూ ఏది రా అది? ఏ రైఫిల్?"

జితేంద్ర గుర్తు తెచ్చుకోబోయాడు. చేతిలో బరువు గుర్తుంది. చలికి వేలికి అంటుకున్న ఇనుము గుర్తుంది. పెదవుల మధ్య తులసి గుర్తుంది.

"చూడలేదురా" అన్నాడు.