నాన్న గుండీలు పెట్టుకున్న వీడియో

మా ఇంట్లో ఎవరు మొదలుపెట్టిన మాటను వాళ్ళే పూర్తిచేసిన దాఖలా లేదు. అమ్మ మొదలుపెడితే అక్క అందుకుంటుంది. అక్క ఊపిరి పీల్చుకునేలోపు నేను ముగిస్తాను. ఈలోగా బావ వచ్చి అసలు విషయాన్నే మార్చేస్తాడు. అయినా రేడియో అనే పేరు మాత్రం నాకే పెట్టారు. పెట్టినవాళ్ళంతా మౌనవ్రతంలో ఉన్నట్టు.

ఇంటి ముందు గదిలో నాన్న టైలరు దుకాణం. మనిషిని నిలబెట్టి టేపు చుట్టి అంకె పైకి చెప్పేవాడు, పక్కన స్టూలు మీద కూర్చుని అమ్మ రాసుకునేది. భుజాలు, ఛాతీ, చెయ్యి పొడుగు, అన్నీ ఆ వరసలోనే. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి నాన్న కుడిచెయ్యీ మాటా రెండూ పోయాయి. చెయ్యి కొంత తిరిగొచ్చింది. మాట మాత్రం "అదే" దగ్గర ఆగిపోయింది. నీళ్ళు కావాలన్నా అదే, ఫ్యాను ఆపమన్నా అదే. మిగిలింది చూపుల్లో, చేతుల్లో చెబుతాడు. మేమందరం ఆయనకు దుబాసీలమయ్యాం. ఆయన నోరు తెరిస్తే చాలు, నలుగురం నాలుగు అర్థాలు చెప్పేస్తాం. వాటిలో ఒకదానికి ఆయన తలూపుతాడు. దాంతో ఆ పూట గడిచిపోతుంది.

ఆ రోజుల్లో నాన్నను ఆస్పత్రిలో స్పీచ్ థెరపీ గదికి తీసుకెళ్ళేదాన్ని. అమ్మ కొన్నాళ్ళకే మాన్పించేసింది. "ఆయనేమంటున్నాడో మనకర్థమవుతుందిగా, ఇంక ఆ బొమ్మల కార్డులెందుకు" అంది. నాన్న వెళ్ళడం మానేశాడు కానీ నేను మానలేదు. అక్కడి థెరపిస్టు మేడమ్ దగ్గరే సహాయకురాలిగా చేరాను. బొమ్మల కార్డులు సర్దడం, అద్దం తుడవడం, పేషెంట్లను వరసగా లోపలికి పిలవడం నా పని. ఓ ముసలాయన చాన్నాళ్ళ తర్వాత తన మనవరాలిని పేరు పెట్టి పిలిచినప్పుడు నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆ రోజే అనుకున్నాను, చేస్తే ఈ పనే చెయ్యాలని. అందుకు పీజీ కావాలి, ఆ పీజీ ఉన్న కాలేజీ వేరే ఊళ్ళో ఉంది.

దరఖాస్తుకు మూడు కావాలన్నారు. నా మార్కులు, మేడమ్ సిఫార్సు ఉత్తరం, మాట ఇబ్బంది ఉన్న ఒక మనిషితో నేను మాట్లాడుతున్న వీడియో. మూడోదే అన్నింటికన్నా తేలికనుకున్నాను. ఇంట్లోనే నాన్న ఉన్నాడు, నాకు మాటలకు కరువా?

బావయితే అప్పుడే నాకు సీటొచ్చినట్టు, నేను క్లినిక్ పెట్టినట్టు దానికి బోర్డు ఏ రంగులో ఉండాలో ఆలోచిస్తున్నాడు. "ఆలూ లేదు చూలూ లేదు, ఆపండి" అంది అక్క. అమ్మ మాత్రం గిన్నెలు గట్టిగా సర్దింది. నేను వెళ్ళిపోతే నాన్నకు ఒక దుబాసీ తగ్గుతుందని ఆవిడ బెంగ. నా బెంగ కూడా అదే.

ఒక ఉదయం దారపు రీళ్ళ డబ్బాకు ఫోను ఆనించి, అమ్మ పక్కనుండగా నాన్న ఎదురుగా కూర్చుని వీడియో తీసేశాను. మంచి మంచి ప్రశ్నలడిగాను. చాలా బాగా వచ్చిందనిపించింది.

మేడమ్ దాన్ని తన గదిలో పూర్తిగా చూసింది. ఆవిడ మాట కరుకు, చెయ్యి మెత్తన.

"మళ్ళీ పెట్టు. ఈసారి శబ్దం తీసేసి మీ నాన్నని మాత్రం చూడు" అంది.

చూశాను. నాన్న నోరు తెరుస్తాడు. అంతలో నా చెయ్యి ఫ్రేములోకి వస్తుంది, నాన్న నోరు మూసుకుంటాడు. మళ్ళీ తెరుస్తాడు. అమ్మ భుజం అడ్డొస్తుంది, మళ్ళీ మూసుకుంటాడు. అలా చివరిదాకా. చివర్లో ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. తీస్తున్నప్పుడు నేనది గమనించనే లేదు.

"దీనికి సీటు రాదు. పొరపాటున వస్తే ఎందుకిచ్చారని నేనే ఫోన్ చేసి అడుగుతాను" అంది మేడమ్. "సరే, వీడియో తీస్తానని ఆయన్ని అడిగావా?"

"అమ్మ ఒప్పుకుంది మేడమ్."

"పేషెంటు అమ్మా?"

"నాన్న ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారుగా."

"అది మాటున్నవాళ్ళ సంగతి. మాట రాని మనిషి మౌనాన్ని పట్టుకుని ఒప్పుకున్నాడంటే ఎలా? రోజూ ఈ గదిలోనే ఉంటావు. నేనేం చేస్తానో చూడలేదా?"

చూశాను. రోజూ చూస్తూనే ఉన్నాను. మేడమ్ ప్రశ్న అడిగిన వెంటనే రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంటుంది. పేషెంటు తడబడినా, చెమటలు పట్టినా, పక్కనున్న చుట్టాలు నెత్తీనోరూ బాదుకున్నా కదలదు. కొత్తలో ఆవిడకు చలేస్తోందేమో అనుకున్నాను. తర్వాత చెప్పింది, చేతులు బయటుంటే సాయానికి వెళ్తాయని, చేతుల వెనకే నోరూ వెళ్తుందని.

"అడుగు, ఆగు. నీకు మొదటిది బ్రహ్మాండంగా వచ్చు. రెండోది వచ్చాక ఉత్తరం రాస్తాను" అంది.

గడువు ఆ వారంతోనే ముగిసిపోతుంది. ఉత్తరం లేకపోయినా వీడియో లేకపోయినా దరఖాస్తే తీసుకోరు, మళ్ళీ ఏడాది ఆగాలి. ఇంటికి వెళ్ళే దారంతా మేడమ్‌ను మనసులో తిట్టుకున్నాను. గుమ్మం ఎక్కేసరికి తిట్లు అయిపోయాయి, భయం మిగిలింది.

సెలవు రోజున అందరినీ ముందు గదిలో కూర్చోబెట్టాను. బయటికి పొమ్మంటే ఎవరూ పోరు. ముఖ్యంగా అమ్మ. నాన్న మీద ఈగ వాలనివ్వదు, ఇక నాకొక్కదానికి వదిలేస్తుందా? అందుకని బెంచీ మీద ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి, చేతులు తొడల కింద పెట్టుకోమన్నాను.

"ఇదేం శిక్షే" అంది అమ్మ.

"చదువంటే ఇదేనా మరదలా? అయితే నాకూ ఒక సీటు చెప్పు" అన్నాడు బావ.

ఫోను ఇంకా తెరవలేదు. నాన్న ఎదురుగా కూర్చుని నేనూ చేతులు కింద పెట్టుకున్నాను.

"నాన్నా, కాలేజీకి పంపడానికి నీతో వీడియో తీద్దామనుకుంటున్నా. దాన్ని వేరేవాళ్ళు చూస్తారు. తియ్యొచ్చా?"

నాన్న నన్ను చూశాడు. ఫోను వైపు చూశాడు. బెంచీ వైపు చూసి, అక్కడ కూర్చున్న తీరుకు కనుబొమలు ఎత్తాడు. గదిలో ఎవరూ మాట్లాడకపోవడం మా ఇంటికి కొత్త. వీధిలో సైకిలు బెల్లు, పక్కింట్లో కుళాయి, అన్నీ వినపడ్డాయి. నా నాలుక మీద మాటలు క్యూ కట్టాయి. పోనీలే నాన్నా, ఒక్క ఐదు నిమిషాలే నాన్నా, నాకోసం నాన్నా. ఒక్కోదాన్నీ మింగాను.

నాన్న ఎడమచెయ్యి ఎత్తి అడ్డంగా ఊపాడు. పెదవులు కూడదీసుకున్నాడు.

"వ... వద్దు."

అది "అదే" కాదు. రెండేళ్ళలో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి సొంత మాట, అదీ నా వీడియో వద్దని. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. సీటు పోయిందనుకున్నాను. ఏడాది పోయిందనుకున్నాను. అయినా చేతుల మీద నుంచి లేవలేదు, ఎందుకంటే ఆయన పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. మాట ఇంకా అయిపోలేదు.

ఎడమచేత్తో తన టీషర్టును ఛాతీ దగ్గర పట్టుకుని ముందుకు లాగాడు.

"ఉక్కపోస్తోందా ఏమండీ?" అంది అమ్మ.

"దురదేమో" అంది అక్క.

"బిగుతైపోయింది, నేను ముందే చెప్పా" అన్నాడు బావ.

నాన్న ఎప్పటిలాగే ఏదో ఒకదానికి తలూపబోయాడు. నేను బెంచీ వైపు తిరిగి చూశాను. ఎలా చూశానో తెలియదు కానీ ముగ్గురూ నోళ్ళు మూసుకున్నారు. నాన్న ఊపబోయిన తల ఆపాడు. మళ్ళీ బట్ట లాగాడు.

"చొ..." అన్నాడు. ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు. "చొక్కా." ఇంకాసేపటికి, "నా చొక్కా."

అప్పుడు చూశాను ఆయన ఒంటిమీదేముందో. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే అమ్మ అరడజను టీషర్టులు కొనుక్కొచ్చింది. గుండీలుండవు, తల మీంచి తొడిగితే అయిపోతుంది, ఇస్త్రీ పనుండదు. అందరికీ సుఖం. ఆ రోజు నుంచి ఆయన అవే వేసుకుంటున్నాడు. సగం ఊరికి చొక్కాలు కుట్టిన మనిషికి, రెడీమేడ్ బట్ట చూస్తే కుట్టు తిరగేసి చూసి మూతి విరిచే మనిషికి, రెండేళ్ళుగా ఎవరో ఫ్యాక్టరీలో కుట్టిన సంచులు తొడిగాం. ఏం వేసుకుంటావని ఒక్కరమూ అడగలేదు. ఆయనకు మేం ఇన్ని అర్థాలు చెప్పాం, వాటిలో చొక్కా ఒక్కసారీ లేదు.

అమ్మ లేచి లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడు వినిపించింది, తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. లేత నీలం చొక్కా తెచ్చింది. కళ్ళు తుడుచుకునే వచ్చింది కానీ తుడుచుకున్నట్టు తెలుస్తూనే ఉంది. అలవాటుగా తానే తొడగబోతే నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నే... నేను."

"సరే, మీరే" అంది అమ్మ. వెళ్ళి మళ్ళీ చేతుల మీద కూర్చుంది.

"ఇప్పుడు తియ్యొచ్చా నాన్నా?" అన్నాను.

ఆయన ఆలోచించాడు. నన్ను మెప్పించడానికి కాదు, నిజంగానే ఆలోచించాడు. "ఊఁ. తియ్యి" అన్నాడు.

ఆ వీడియోలో ఉన్నదల్లా ఒక మనిషి ఎడమచేత్తో చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకోవడం. కింది గుండీ నుంచి మొదలుపెట్టాడు. అలా పెడితే అంచులు ఎగుడుదిగుడు కావని చిన్నప్పుడు మాకూ నేర్పాడు. నేనడిగింది ఒక్క ప్రశ్న.

"నాన్నా, నువ్వు సొంతంగా మొట్టమొదట చొక్కా ఎవరికి కుట్టావు?"

రెండు గుండీలు అయ్యాక జవాబొచ్చింది. "మా... నాన్నకి."

ఇంకో గుండీ. నాలుగోది జారిపోయింది, మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. బెంచీ మీద అమ్మ చేతులు బయటికొచ్చి, మళ్ళీ కిందికి వెళ్ళాయి. నా చేతులు తిమ్మిరెక్కాయి. గుండీ కాజాలో దూరింది.

"పొట్టి... అయింది" అన్నాడు నాన్న. ఒక్క క్షణం ఆగి, "వేసుకున్నాడు" అన్నాడు. అని నవ్వాడు.

ఇన్నేళ్ళ కాపురంలో అమ్మకు కూడా తెలియని సంగతది. కాలరు గుండీ మాత్రం పెట్టుకోలేకపోయాడు. కాసేపు ప్రయత్నించి, "చాలు" అన్నాడు. ఫోను ఆపేశాను.

బావ దిగులుగా చూశాడు. "ఇదా పంపించేది? రేడియోకి సీటిమ్మంటే మూగ సినిమా పంపుతున్నావు."

మేడమ్ వీడియో పూర్తిగా చూసింది, ఈసారి శబ్దంతోనే. కాగితం దగ్గరకు లాక్కుని ఉత్తరం మొదలుపెట్టింది.

ఇంటర్వ్యూకు పిలిచారు. బల్ల అవతల ముగ్గురున్నారు. మాట ఎలా పుడుతుందో, మెదడులో ఏ భాగం దెబ్బతింటే ఏమవుతుందో అడిగారు. చదివినంత చెప్పాను. చివర్లో అందరికన్నా పెద్దావిడ కళ్ళజోడు తీసి అడిగింది.

"ఆ నాలుగో గుండీ దగ్గర మీ నాన్నగారు అంత అవస్థ పడుతుంటే, ఎదురుగానే ఉన్నావు కదమ్మా. పెట్టొచ్చుగా?"

బావ కూర్చోబెట్టి నేర్పించిన పెద్ద పెద్ద జవాబులు నా దగ్గర చాలా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టాను.

"ఆయన అడగలేదండీ" అన్నాను.

ముగ్గురూ నన్నే చూస్తూ ఊరుకున్నారు. నేను కూడా ఊరుకున్నాను. నా చేతులు తొడల కింద ఉన్నాయన్న సంగతి లేచేటప్పుడు గానీ నాకు తెలియలేదు.

సీటొచ్చిందని తెలిసిన రోజు ఇల్లంతా ఒకేసారి మాట్లాడింది. ఆ గోలలో, వాళ్ళు తెచ్చుకోమన్న వస్తువుల్లో తెల్లకోటు ఉందని నేను చదివాను. బావ అప్పుడే ఫోను తీశాడు. "ఎంతసేపు, ఆర్డరు పెడితే ఎల్లుండికి వచ్చేస్తుంది. సైజు చెప్పు."

కుర్చీలోంచి నాన్న ఎడమచెయ్యి ఎత్తాడు. గోల ఆగడానికి కాస్త సమయం పట్టింది కానీ ఆగింది. మేమింకా నేర్చుకుంటున్నాం.

"రెడీ... మేడ్... వద్దు" అన్నాడు.

లేచి కుట్టుమిషన్ దగ్గరికి నడిచాడు. రెండేళ్ళుగా దాని మెడలోనే వేలాడుతున్న టేపు తీశాడు. ఒంటి చేత్తో కోటు ఎలా కుడతాడని ఎవరూ అడగలేదు. అమ్మ స్టూలు లాక్కుని, పెన్సిలూ కాగితమూ పట్టుకుని తన పాత చోట్లో కూర్చుంది. రేపు మిషన్ తొక్కేది ఆవిడేనని, ఎక్కడ కత్తిరించాలో చెప్పేది ఆయనేనని అప్పటికే తేలిపోయినట్టుంది.

నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. నాన్న టేపు కొసను బలం లేని కుడిచేతి బొటనవేలితో నా భుజం మీద నొక్కి, ఎడమచేత్తో రెండో భుజం దాకా లాగాడు. బొటనవేలు జారింది. మళ్ళీ పెట్టాడు. ఎదురుగా అద్దంలో అందరూ కనిపిస్తున్నారు. అక్కా బావా బెంచీ మీద చేతుల మీద కూర్చున్నారు. నా భుజాల కొలత అమ్మను నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పైగా టేపు మీద అంకె ఆవిడకు కనిపిస్తూనే ఉంది. పెన్సిలు కాగితానికి ఆనించి, నాన్న నోటి వైపు చూస్తూ కూర్చుంది.