తొక్కల నీళ్లు

నేను ఒక ఐదు లీటర్ల నూనె డబ్బాను. వేడి గాలి ఊది నన్ను తయారుచేశారు. కనుక నా పుట్టుకలో ప్లాస్టిక్కు కంటే శూన్యం పాలే ఎక్కువ. ఆ శూన్యాన్ని నూనెతో నింపి అమ్మారు. అనకాపల్లిలో ఒక టిఫిన్ సెంటరు వారు వారం రోజుల్లో నూనె మొత్తం పూరీలకు వాడేసి, నన్ను పెరటి గోడ అవతల పడేశారు. ఖాళీ అయినదాని ముఖం మనుషులు మళ్లీ చూడరు.

నన్ను ఏరుకున్నది కూర్మమ్మ. ఆడపిల్లల జూనియర్ కాలేజీలో పదకొండేళ్లుగా మరుగుదొడ్లు కడుగుతోంది. కాలేజీ ఇచ్చిన గ్లవ్స్ వారానికే చిరిగిపోయేవి. యాసిడ్‌తో కడిగీ కడిగీ ఆమె వేళ్ల కొసలు గీత అన్నది లేకుండా నున్నబడ్డాయి. గేటు దగ్గర వేలిముద్రల హాజరు యంత్రం పెట్టేదాకా ఆ సంగతి ఆమెకే తెలియదట.

“బొటనేలు సరిగ్గా ఎట్టు, కూర్మమ్మా,” అన్నాడట సూపర్‌వైజరు సూరిబాబు.

“ఎట్టినాను కదేటి బాబూ. ఇంకేటెట్టమంతావు, తలకాయా?”

“నిన్ను నానెరుగుదును. మిసను ఎరగాల కదా! నాలుగు నెల్లు టైమిస్తన్నారు. అప్పుడు మళ్లీ ముద్రలెక్కిస్తారు. పడకపోతే ఇంకో మనిసిని ఎట్టుకుంతారు.”

పదకొండేళ్ల పని నాలుగు నెలల చర్మం మీద ఆధారపడింది.

వృక్షశాస్త్రం చెప్పే నీలవేణి మేడం ఆ చేతులు చూసి నొచ్చుకున్నారు. ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు పండ్ల తొక్కలు, పది పాళ్లు నీళ్లు కలిపి మూడు నెలలు పులియబెడితే, యాసిడ్ లేకుండానే బండలు కడుక్కోవచ్చునని ఓపికగా వివరించారు. తమ ఇంట్లో అలా ముగ్గిన సీసాలు రెండున్నాయని, గులాబీ మొక్కలకు పోస్తున్నామని కూడా చెప్పారు. ఒకటి ఇమ్మని కూర్మమ్మ అడగలేదు. ఇవ్వవచ్చునని ఆవిడకు తోచలేదు.

జ్యూసు బండి దగ్గర అడిగి తెచ్చిన బత్తాయి, అనాస తొక్కలతో కూర్మమ్మ నన్ను నింపింది. మొదటి నెలంతా రోజూ పొద్దున్నే మూత తీసి గాలి వదిలేది. లేకుంటే ఉబ్బి పగిలేదాన్ని. “తొరగా ముగ్గే అమ్మా,” అని బతిమాలేది. నేను తొందరపడలేకపోయాను. కుళ్లడానికీ పులియడానికీ నడుమ ఉన్నది కాలం. అది ఎవరి అవసరాన్నీ ఎరగదు. ఆ తొంభై రోజులూ ఆమె యాసిడ్‌తోనే కడిగింది. నాలో తొక్కలు కరుగుతుంటే అక్కడ ఆమె వేళ్లు కరిగాయి.

తొంభై ఒకటో రోజున వడకట్టి నన్ను కాలేజీకి తీసుకుపోయింది. ఇరవై రోజులు గడిచేసరికి మంట తగ్గింది. ఎడమ బొటనవేలి మీద సన్నని గీతలు లేచాయి. కిటికీ వెలుగులో వేలును తిప్పి తిప్పి చూసుకునేది.

అప్పుడు సూరిబాబు వచ్చాడు. “పిల్లల అమ్మానాన్నలు గొడవెడతన్నారు, కడగట్నేదని.”

“పొద్దుటేలే కడిగినాను. సూడు బాబూ, బండ మెరస్తంది.”

“మెరుపెవుడు సూస్తాడే? ముక్కు మండాల. మండకపోతే కడగనేదనే అంతారు.”

నేలను ముక్కుతో చూసే జీవులు వీళ్లు. చివరి పది రోజులూ కూర్మమ్మ ముందు నాతో శుభ్రం చేసేది. తరువాత ఆ శుభ్రమైన నేల మీదే, నమ్మకం కోసం, యాసిడ్ పోసేది.

గడువు నాడు పది వేళ్లూ పెట్టింది. ఒక్కటీ పడలేదు.

మరునాడు పైడితల్లి అనే కొత్త మనిషి వచ్చింది. కూర్మమ్మ చీపురూ బకెట్టూ అప్పజెప్పి, ఆఖరున నన్ను ముందుకు జరిపింది.

“ఇది పొయ్యి పిల్లా. మంటుండదు.”

పైడితల్లి మూత తీసి వాసన చూసింది. “ఏటి పిన్నీ, ఊరగాయనుకున్నాను! దీంతో మురికి పోద్దేటి?”

“పోద్ది.”

“మరి నీ ఏళ్లెందుకలాగయిపోనాయి?”

కూర్మమ్మ చేతులు కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

నేనిప్పుడు చేతులు కడిగే తొట్టి కింద, సగం నిండుగా ఉన్నాను. నా పక్కన యాసిడ్ సీసాలు వారానికొకటి మారుతున్నాయి. వేలు గుర్తుపడితే గేటు దగ్గర ఆ యంత్రం “థాంక్యూ” అంటుంది. ఆ గొంతు ఇక్కడిదాకా వినిపిస్తుంది. మొన్నటిదాకా పైడితల్లికి మొదటిసారికే అనేది. నిన్న మూడోసారికి అంది.