ఎనిమిది గంటల నీడ

ఆ ఏడు వేరుశనగ కూడా నిలువునా ఎండిపోయింది. నరసక్క చేను మీద ఆశ వదులుకుని పావగడ బస్టాండు దగ్గర ఇడ్లీ హోటలు పెట్టింది. ఇడ్లీ దూదే, ఏం లాభం? హోటలు రోడ్డుకు కాస్త లోపలికి ఉండడంతో బస్సు దిగినవాళ్ల కంటికి ఆనేది కాదు. ఈ నెల కూడా జనం రాకపోతే మూసేసి కూలికి పోవాల్సిందే. అందుకే గోడ మీద పేరు రాయమని పెయింటర్ కదిరయ్యను పిలిచింది.

వచ్చినవాడు ముందు పేరు కూడా అడగలేదు.

"జనం ఏ పొద్దుకొస్తారక్కా?"

"ఎనిమిది గంటల బస్సుకు. పదికంతా పిండి అయిపోవాల. అది నీకెందుకప్పా?"

దక్షిణం ముఖంగా ఉన్న ఆ గోడకు ఎదురుగా నిలబడి, కుడిపక్కన తూర్పు దిక్కును కాసేపు చూశాడు. మధ్యాహ్నం పని మొదలుపెట్టాడు. ఎర్రటి అక్షరాలు నిలిపి, ఒక్కోదానికీ ఎడమపక్క కిందికి నల్లటి నీడ దించాడు. అక్షరం అంచున ముదురు, పోనుపోను పల్చన. సాయంత్రానికి నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పక్క సైకిల్ షాపు చౌడప్ప చూసి పకపకా నవ్వాడు.

"ఊర్లో బోర్డులన్నిటికీ నీడ కుడిపక్క ఉండాది. నీదేందక్కా? పొద్దు పడమట ఉంటే నీడా పడమటికే పాయెనే!"

నరసక్కకు చదువు రాదు గానీ కళ్లున్నాయి. వాడన్నది నిజమే. ఆ ఎండలో అక్షరాలు చప్పగా గోడకు అంటుకుపోయి ఉన్నాయి. అసలే బేరం లేదు, పైన ఈ నగుబాటొకటి. ఆమెకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఎనిమిది గంటల బస్సు వచ్చి ఆగింది. చలికాలపు ఎండ తూర్పు నుంచి గోడ మీద ఏటవాలుగా పడుతోంది. డ్రైవరు నల్లప్ప అటే చూస్తూ దిగివచ్చాడు.

"ఏమక్కా, అచ్చరాలు కొయ్యతో చేయించినావా? బయటికొచ్చి నిలబడుండాయే!"

అతని వెనకే పదిమంది లోపలికొచ్చారు.

నరసక్క చట్నీ గరిటెతోనే రోడ్డు మీదికి పరుగెత్తింది. పందిరి గుంజ నీడ ఎడమకు, అక్షరాల నీడా ఎడమకే. అక్షరాలు గోడ వదిలి బెత్తెడు ముందుకొచ్చాయి. నిన్న పడమటెండలో నిలబడి ఈ పొద్దుటి నీడ గీశాడా మనిషి! ఎంత పనిమంతుడు! దండం పెట్టాలనిపించింది.

తొమ్మిదికే పిండి అయిపోయింది. దాచిన నాలుగు ఇడ్లీలు ఆకులో చుట్టుకుని పోయి కదిరయ్య చేతిలో పెట్టింది.

"బాగుండాదా అక్కా?"

"పొద్దున చూస్తే నువ్వు దేవుడివప్పా. సాయంత్రమైతే చౌడప్ప నవ్వుతాడు."

"నవ్వనీలే," అన్నాడు కదిరయ్య ఇడ్లీ తుంచుతూ. "సాయంత్రం నీ పొయ్యి మండుతాదా ఏమి?"